సెల్‌ఫోను పంచాంగ శ్రవణం

పోయిన నెల మా హేతువాద సంఘం సమావేశానికి ప్రకటించిన విషయం వాస్తు. వాస్తు గురించి ఇరవై నిముషాలు మాట్లాడుకున్నాం. టీ వచ్చింది. ఆ తరవాత గంటన్నర సేపు జరిగిన చర్చ వేరు. 2027లో రాబోయే ఐఫోన్ పేరు 19 అవుతుందా, 20 అవుతుందా?

మొదటి ఐఫోన్‌ని స్టీవ్ జాబ్స్ 2007 జనవరి 9న చూపించాడు కనక 2027కి ఇరవై ఏళ్ళు నిండుతాయి. పదేళ్ళు నిండిన 2017లో 9ని వదిలేసి, ఎక్స్ అనే రోమన్ అంకె తగిలించి ‘టెన్’ అన్నారు కనక ఈసారి 19ని వదిలేసి 20 అంటారు. ఇదీ ఒక మిత్రుడి వాదం. ఇంకో కుర్ర మిత్రుడు మరీ ముందుకెళ్ళాడు. అద్దం నాలుగు వైపులా అంచుల మీదుగా వంగి ఉంటుందట, ముందు కెమెరా చిల్లు కూడా కనపడదట. చేత్తో పట్టుకుని చూసొచ్చినట్టే చెప్తున్నాడు.

“ఎవరు చెప్పారు బాబూ?” అన్నాను.

“లీకయింది సార్.”

“ఎక్కడి నుంచి?”

“సోర్సెస్ ఉన్నాయి సార్.”

ఉగాది నాడు గుళ్ళో పంచాంగం చదివే సిద్ధాంతిగారు ఇంతకంటే నయం, ఏ గ్రహం ఏ ఇంట్లో ఉందో అయినా చెప్తాడు అన్నాను. అంతే, టీ కప్పులు కింద పెట్టేశారు. “జ్యోతిషాన్నీ టెక్నాలజీనీ ఒకే గాటన కడతారా?” అని ఒకాయన, “మీకు వయసు మీద పడింది, కొత్తవి నచ్చవు” అని ఇంకొకాయన. అక్కడ సరిగ్గా చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. నొచ్చుకునేవాళ్ళు నొచ్చుకోవచ్చు, కానీ చివరిదాకా చదివి నొచ్చుకోండి.

ముందు వాళ్ళ వాదంలో ఉన్న బలాన్ని ఒప్పుకుంటాను. ఎక్కడో ఉన్న శనిగ్రహం నా ఉద్యోగాన్ని ఊడగొట్టే మార్గం ఏదీ లేదు. ఫోన్ అలా కాదు. అది నిజంగా వస్తుంది. దాన్ని గీసినవాళ్ళు ఉన్నారు, అచ్చులు పోసినవాళ్ళు ఉన్నారు, అద్దం సరఫరా చేసేవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు నోరు జారచ్చు. కనక ముందే తెలిసే వీలుంది. బాగానే ఉంది. నేననేది సరిగ్గా అదే. సిద్ధాంతి దగ్గర ఆధారం ఉండే అవకాశమే లేదు, పాపం. ఆధారం ఉండే వీలున్న చోట కూడా అది చూపించకుండా జోస్యం చెప్పేవాడిని సిద్ధాంతి కంటే గట్టిగా నిలదీయాలా, వదిలెయ్యాలా?

ఆధారం అంటే ఏమిటో ఈ ఫోన్ల చరిత్రలోనే ఉంది. 2010లో కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీలో ఒక ఆపిల్ ఇంజనీరు ఇంకా విడుదల కాని ఫోన్‌ని బార్‌లో మర్చిపోయాడు. గిజ్మోడో అనే వెబ్‌సైటు దాన్ని 5000 డాలర్లకు కొని, విప్పి, ఏప్రిల్ 19న ఫొటోలు వేసింది. జూన్ 7న స్టీవ్ జాబ్స్ ఐఫోన్ 4 అని చూపించింది దాన్నే. ఆ పని తప్పా ఒప్పా అన్నది వేరే సంగతి. వస్తువు బల్ల మీద ఉంది, ఎవరైనా చూడచ్చు. 2017లో విడుదలకి మూడు నాలుగు రోజుల ముందు కంపెనీ సాఫ్ట్‌వేర్ ఫైలే బయటికొచ్చింది. అందులో ఐఫోన్ 8, 8 ప్లస్, ఎక్స్ అన్న పేర్లు రాసి ఉన్నాయి. సెప్టెంబరు 12న అవే పేర్లు ప్రకటించారు. దీన్ని నమ్మిన హేతువాదిని నేనేమీ అనను.

ఇంకా మంచి ఉదాహరణ ఛార్జింగ్ పిన్నుది. ఫోన్లన్నిటికీ ఒకే రకం యుఎస్‌బి-సి రంధ్రం ఉండాలని యూరోపియన్ పార్లమెంటు 2022 అక్టోబరులో ఓటేసింది. అదే నెలలో ఆపిల్ పెద్ద ఉద్యోగి గ్రెగ్ జోస్వియాక్, చట్టం పాటించక తప్పదు కదా అని వేదిక మీదే ఒప్పుకున్నాడు. 2023లో ఐఫోన్ 15కి ఆ రంధ్రం వచ్చింది. దీనికి ఏ ‘సోర్సూ’ అక్కర్లేదు. చట్టం చదవడం వస్తే చాలు. కానీ చట్టం చదివి చెప్పినవాడికి మనవాళ్ళలో ఉన్న గౌరవం, చీకట్లో గుసగుస చెప్పినవాడికి ఉన్న గౌరవంలో పదో వంతు లేదు.

ఇప్పుడు రెండో జాబితా చూద్దాం. దీన్ని ఎవరూ గుర్తు పెట్టుకోరు.

2011లో ఐఫోన్ 5 వస్తుందని లోకమంతా నిశ్చయించేసింది. వెనక లావుగా, అంచుకి పోనుపోను పల్చగా, కన్నీటిచుక్క ఆకారంలో ఉంటుందన్నారు. బొమ్మలు గీశారు. ఆ ఆకారానికి సరిపోయే కేసులు తయారుచేసి పెట్టుకున్న వ్యాపారులు కూడా ఉన్నారు. అక్టోబరు 4న వచ్చింది ఐఫోన్ 4ఎస్. ఆకారం పాత ఐఫోన్ 4దే. మర్నాడు స్టీవ్ జాబ్స్ చనిపోయాడు. అప్పుడు ఏం జరిగిందో చూడండి. ‘ఫోర్ ఎస్’ అంటే ‘ఫర్ స్టీవ్’ అని ఇంటర్నెట్‌లో పుకారు లేచింది! ముందురోజు వరకూ తప్పిపోయిన జోస్యానికి, తరవాతి రోజున పరమార్థం పుట్టుకొచ్చింది. మన ఊళ్ళో బిడ్డ పుట్టాక జాతకానికి సరిపడేట్టు పుట్టిన వేళ దిద్దే సిద్ధాంతులకి దీన్లో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

2019 డిసెంబరులో మింగ్-చి కువో అనే పేరుమోసిన విశ్లేషకుడు, 2021 నాటి ఖరీదైన ఐఫోన్‌కి ఛార్జింగ్ రంధ్రమే ఉండదన్నాడు. 2021లో ఐఫోన్ 13 పాత రంధ్రంతోనే వచ్చింది. 2020లో చవక ఫోన్‌కి ‘ఐఫోన్ 9’ అని నెలల తరబడి పేరు పెట్టి పిలిచారు. ఏప్రిల్ 15న వచ్చింది, పేరు ఎస్‌ఈ. 2021లో ఆపిల్ గడియారం అంచులు చదునుగా ఉంటాయని రంగురంగుల బొమ్మలు వేశారు. గుండ్రంగానే వచ్చింది. 2022లో ‘14 మ్యాక్స్’ అన్నది 14 ప్లస్ అయింది. 2023లో ‘15 అల్ట్రా’ అన్నది ప్రో మ్యాక్స్‌గానే ఉండిపోయింది. శాంసంగ్ ఎస్10 తరవాత ఎస్11 అని చాలాకాలం రాశారు. 2020లో వచ్చింది ఎస్20.

తప్పాయి కాబట్టి వీళ్ళంతా మోసగాళ్ళు అనడం లేదు. తప్పు ఎవరైనా చేస్తారు. తప్పిన తరవాత వాళ్ళు చెప్పే మాట చూడండి. “కంపెనీ చివరి నిముషంలో ప్లాను మార్చుకుంది.” నిజంగా మార్చుకుందో, అసలు అలాంటి ప్లానే లేదో తేల్చే దారి లేదు. అంటే జోస్యం నిజమైతే గొప్ప నాది, తప్పితే తప్పు కంపెనీది. పరిహారం సరిగ్గా చేయించలేదు, నైవేద్యంలో లోపం జరిగింది అనే మాటకీ దీనికీ తేడా ఎవరైనా చూపించండి. ఏ ఫలితం వచ్చినా తప్పని తేలని మాటకి విలువ లేదని మనమే కదా ఊరూరా తిరిగి ఉపన్యాసాలిచ్చాం?

అమెరికాలో జీన్ డిక్సన్ అని ఒక జోస్యురాలుండేది. 1960 ఎన్నికల్లో డెమొక్రాట్ గెలిచి, పదవిలో ఉండగా చనిపోతాడని 1956లో ఒక పత్రికకి చెప్పింది. కెనెడీ హత్య తరవాత దేశమంతా మోసింది. ఎన్నికలు దగ్గరపడ్డాక కెనెడీ గెలవడని ఆవిడే చెప్పిన సంగతి, చంద్రుడి మీద ముందు కాలు పెట్టేది రష్యావాడన్న సంగతి ఎవరికీ గుర్తు లేవు. తగిలినవి చాటి తప్పినవి మరిచిపోయే ఈ అలవాటుకి గణితవేత్త జాన్ అలెన్ పౌలోస్ ఆవిడ పేరే పెట్టాడు. ఫోన్ల విషయంలో ఇది ఇంకా సులువు. ఒకే ఫోన్‌కి స్లిమ్, ఎయిర్, అల్ట్రా, ప్లస్, ఫోల్డ్ అని అయిదు పేర్లు అయిదుగురు చెప్తారు. ఒకరికి తగులుతుంది. మర్నాడు ఆ ఒక్కడే ఫొటోతో కనపడతాడు. మిగతా నలుగురూ అప్పటికే వచ్చే ఏడాది ఫోన్ గురించి రాస్తుంటారు.

దీన్ని పరీక్షించే పద్ధతి మనకి తెలియనిది కాదు. 2008లో జయంత్ నార్లీకర్, నరేంద్ర దభోల్కర్ మిత్రబృందంతో కలిసి పూణేలో జ్యోతిషులకి పరీక్ష పెట్టారు. బాగా చదివే పిల్లల జాతకాలు 100, మానసిక ఎదుగుదల లేని పిల్లల జాతకాలు 100 సేకరించారు. జ్యోతిషులకి తలా 40 పంపి, ఎవరు ఏ కోవకి చెందుతారో చెప్పమన్నారు. జవాబులు పంపినవాళ్ళు 27 మంది. సగటున సరిపోయినవి నూటికి 46. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. దభోల్కర్‌ని 2013 ఆగస్టు 20న కాల్చి చంపారు. నార్లీకర్ 2025 మే నెలలో కన్నుమూశారు. వాళ్ళ సంస్మరణ సభల్లో మనం ఆ పరీక్ష గురించి గంటలు గంటలు మాట్లాడాం. మరి మన సెల్‌ఫోను సిద్ధాంతులకి అలాంటిది ఒక్కసారి పెట్టామా? ముందు జోస్యం రాయించుకోవడం, తేదీ వెయ్యడం, తరవాత తగిలినవీ తప్పినవీ రెండూ లెక్కెయ్యడం. పెద్ద పని కాదు. పెట్టలేదు, ఎందుకంటే ఈ జ్యోతిషం మనకి ఇష్టం.

అంకెల సంగతికొస్తాను. సమావేశంలో “పేరుని బట్టి అదృష్టం అనడం మూఢనమ్మకం, కానీ కంపెనీలు అంకెలు దాటవేయడం మార్కెటింగ్” అని ఒకరన్నారు. ఆ మార్కెటింగ్ కింద ఏముందో తవ్వి చూడండి.

చైనా భాషలో నాలుగుకీ చావుకీ ఉచ్చారణ దగ్గర దగ్గరగా ఉంటుంది. అందుకని అక్కడ 4 అంటే భయం. వన్‌ప్లస్ 3 తరవాత 2017లో వన్‌ప్లస్ 5 వచ్చింది. 13 తరవాత 2025లో 15 వచ్చింది. 14 లేదు, దాని చివర కూడా 4 ఉంది కదా. ఒప్పో ఫైండ్ ఎక్స్3 తరవాత ఎక్స్5. సరే, నమ్మకమే అనుకుందాం. మరి అదే వన్‌ప్లస్ 2024లో నార్డ్ 4 ఎలా అమ్మింది? అదే ఒప్పో 2020లో రెనో 4 ఎలా అమ్మింది? ఖరీదైన ఫోన్ కొనేవాడికి మాత్రమే చావు భయం, తక్కువ ధర ఫోన్ కొనేవాడు పోతే పోయాడు అనా? అదే చైనాకి చెందిన షియోమీ రెడ్‌మీ నోట్ 4 అమ్మితే 2017లో మన దేశంలో అన్నిటికంటే ఎక్కువ అమ్ముడుపోయిన ఫోన్ అదే అయింది. మన చేతుల్లో ఏళ్ళ తరబడి తిరిగింది ఆ ‘చావు’ ఫోన్.

దేశాన్ని బట్టి అంకె గుణం మారిపోతుంది. చైనావాళ్ళకి 8 మహా అదృష్టం. బీజింగ్ ఒలింపిక్స్ 2008లో ఎనిమిదో నెల ఎనిమిదో తేదీన రాత్రి 8 గంటలకి మొదలుపెట్టారు. మన సంఖ్యాశాస్త్రం పండితులకి అదే 8 శని అంకె. 9 కోసం మన హైదరాబాదులో రవాణా శాఖ వేలంలో లక్షలు పోస్తారు, కారుకి 9999 కావాలని. జపాన్‌వాళ్ళకి 9 చెవిలో పడితే బాధ అనే మాట వినిపిస్తుంది. యూరప్ అంతా 13కి జడిస్తే ఇటలీవాళ్ళు 17కి జడుస్తారు. రోమన్ అంకెల్లో 17ని అటూ ఇటూ మారిస్తే ‘బతికాను’ అని, అంటే బతుకు అయిపోయిందని లాటిన్‌లో అర్థం వస్తుందట. 2021లో ఐఫోన్‌కి 13 అని పెట్టరు, అపశకునం అని రాసినవాళ్ళు చాలామంది. పెట్టారు. 2022లో ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన ఫోన్ అదేనని కౌంటర్‌పాయింట్ సంస్థ లెక్క. 2025లో ఐఫోన్ 17ని ఇటలీలోనూ 17 అనే అమ్మారు.

ఇంకోవైపు చూడండి. శాంసంగ్ 2016లో నోట్ 5 తరవాత 6ని దాటేసి నోట్ 7 అంది. ఎస్7తో అంకె కలవాలని. ఏడు సగం ప్రపంచానికి శుభమే. అది మంటలంటుకుంది. మన విమానాల్లో కూడా దాన్ని వాడకూడదని డీజీసీఏ ఆ సెప్టెంబరులో ఆదేశించింది. అక్టోబరులో ఫోన్‌నే ఆపేశారు. 2017 జనవరిలో కంపెనీ చెప్పిన కారణం, ఇద్దరు సరఫరాదార్ల బ్యాటరీల్లోనూ తయారీ లోపాలు. అంకెలో లోపం కాదు. అంకెలు దాటడానికి కారణాలు చాలావరకు ఇంతే చప్పగా ఉంటాయి. పక్కవాడి అంకెతో పోటీ (2025లో షియోమీ 15 నుంచి 17కి దూకింది, ఐఫోన్ 17 పక్కన నిలబడాలని), లేకపోతే సంవత్సరంతో కలవడం, లేకపోతే పేటెంట్లు, ట్రేడ్‌మార్క్‌ల గొడవ. అసలు ‘ఐఫోన్’ పేరే సిస్కో కంపెనీ ట్రేడ్‌మార్క్. ఆపిల్ ఫోన్ చూపించిన మర్నాడే వాళ్ళు కేసేశారు, ఫిబ్రవరిలో రాజీ పడ్డారు. 19 వస్తుందో 20 వస్తుందో కూడా ఇలాంటి చప్పని కారణం ఏదో తేలుస్తుంది. ఆ కారణం నాకూ తెలియదు, మీకూ తెలియదు, మీ సోర్సుకి తెలిస్తే కాగితం చూపించమనండి.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, నవ్వుకోడానికి. 2025లో ఐఫోన్ 17 అమ్మకాలు మొదలైంది సెప్టెంబరు 19న. ఆ నెల 7న సంపూర్ణ చంద్రగ్రహణం. దాని వెంటనే మహాలయ పక్షం, 21న అమావాస్య దాకా. పితృకార్యాల రోజులు, కొత్త గుడ్డ కూడా కొనరు మన ఇళ్ళలో. ముంబైలో బాంద్రా-కుర్లా కాంప్లెక్స్ దుకాణం ముందు తెల్లవారక ముందే బారులు, తోపులాట. అంతకు ముందు ఏడాది ఐఫోన్ 16 అమ్మకాలు మొదలైన సెప్టెంబరు 20 కూడా మహాలయంలోనే పడింది. నలభై ఏళ్ళుగా మన సంఘాలు కరపత్రాలు పంచి సాధించలేని దాన్ని ఒక ఫోన్ సాధించిందని ఒక మిత్రుడు సంబరపడ్డాడు. నేను పడలేదు. వాళ్ళు ముహూర్తం వదల్లేదు. సెప్టెంబరు ముహూర్తానికి మారారు, అంతే.

“సరదా కోసం కదండీ, ఎవరికి నష్టం?” అన్నారు చాలామంది. ఆదివారం పేపర్లో వారఫలాలు చదివేవాళ్ళు కూడా అక్షరాలా ఇదే అంటారు.

2016 ఫిబ్రవరిలో ఫ్రీడమ్ 251 అని ఒక ఫోన్ ప్రకటించారు, గుర్తుందా? 251 రూపాయలకి స్మార్ట్‌ఫోన్. పేరులోనే ధర, ధర చివర శుభానికి ఒకటి. (నూటపదహార్ల సంగతి గుర్తొచ్చింది. నిజాం హాలీ సిక్కా రూపాయలు 7 ఇస్తే బ్రిటిష్ రూపాయలు 6 వచ్చేవి, అంటే వందకి 116 చిల్లర. మారకం రేటే మంగళకరమైన అంకెగా మారిందని ఒక వివరణ. మారకం పోయింది, మంగళం మిగిలింది.) ఆ ఫోన్ విడిభాగాలకే ఆ ధరకి ఎన్నో రెట్లు అవుతుందని కాగితం మీద కూడిక వేస్తే తెలిసిపోతుంది. సభలో పంచిన నమూనా ఫోన్ల మీద వేరే కంపెనీ పేరుని తెల్ల రంగుతో చెరిపేశారని విలేకరులు గోకి చూపించారు. అయినా తాకిడికి వెబ్‌సైటు కూలిపోయింది. 2017లో ఒక డీలరు ఫిర్యాదు మీద ఆ కంపెనీ డైరెక్టర్ని ఘజియాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. మా సంఘంలో ఇద్దరు సభ్యులు ఆ బుకింగ్ బటన్ నొక్కారు. ఆ ఇద్దర్లో ఒకణ్ణి నేను. వెబ్‌సైటు కూలిపోబట్టి నా డబ్బు మిగిలింది. నా హేతువాదం వల్ల కాదు.

రెండోది ఇంకా బాధాకరం. ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

మా పక్కింట్లో ఒక రిటైర్డ్ మాస్టారున్నారు. ఏటా సత్యనారాయణ వ్రతం చేయించుకుంటారు, నన్ను ప్రసాదానికి పిలుస్తారు, నేను వెళ్ళి తింటాను. 2023 వేసవిలో ఆయన ఫోన్ బ్యాటరీ ఉబ్బి వెనక డొప్ప లేచింది. కొత్తది కొందామనుకుంటున్నానండీ, మీరు ఇవన్నీ చదువుతారు కదా అని అడిగారు. నేను అప్పుడే ఏదో వెబ్‌సైటులో చదివి ఉన్నాను. సెప్టెంబరుకి కొత్త మోడల్ ఒకటి, ఫలానా పేరుతో, ఫలానా ఆకారంలో వస్తుంది, దాంతో ఇప్పుడున్న మోడల్ ధర సగానికి సగం పడుతుంది అని. “మూడు నెలలు ఆగండి మాస్టారూ, తొందరపడకండి” అన్నాను. ఆయన ఆగారు. ఉబ్బిన బ్యాటరీ ఫోన్‌ని జేబులో పెట్టుకు తిరగమని సలహా ఇచ్చినవాడు సైన్సు ప్రచారం చేసే మనిషి!

ఆగస్టులో ఫోన్ చచ్చిపోయింది. రిపేరు షాపుకి నేనే తీసుకెళ్ళాను. బోర్డు పోయింది, లోపల మెమరీలో ఉన్నదంతా ఆ బోర్డుకే తాళం వేసి ఉంటుంది, చిప్పు తీసి వేరే ఫోన్లో పెట్టినా చదవలేం అన్నాడు కుర్రాడు. అందులో మాస్టారి భార్య ఫొటోలున్నాయి. ఆవిడ ముందు ఏడాది పోయారు. ఆస్పత్రిలో చివరి వారం ఆవిడ మాట్లాడిన వీడియో ఒకటి ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు.

సెప్టెంబరు వచ్చింది. నేను చెప్పిన పేరుతో ఏ ఫోనూ రాలేదు. ధరా తగ్గలేదు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. చాన్నాళ్ళ తరవాత వరండాలో కూచుని పేపర్ చదువుకుంటూ, మామూలుగా అడిగారు.

“ఇంతకీ ఆ ఫోన్ వస్తుందని మీకెవరు చెప్పారండీ?”

ముప్ఫై ఏళ్ళుగా నేను బాబాల భక్తుల్నీ, జాతకాల వాళ్ళనీ అడుగుతున్న ప్రశ్న అది. వ్రతం చేసుకునే మనిషి నన్నడిగితే నా దగ్గర జవాబు లేదు. “ఎక్కడో చదివానండీ” అన్నాను. మా సమావేశంలో కుర్రాడు అన్న “సోర్సెస్ ఉన్నాయి సార్” అన్న మాట నాకు అంత మండడానికి కారణం ఇదే.

కనక ఒక పని మొదలుపెట్టాను. సంఘంలో ఫోన్ల జోస్యం చెప్పదలుచుకున్నవాళ్ళు తెల్ల కాగితం మీద రాసి, సంతకం చేసి, తేదీ వేసి, కవరులో పెట్టి అంటించి నాకివ్వాలి. పేరు ఒక్కటే రాయాలి, ‘లేదా’ అని రాస్తే చెల్లదు. ఆకారం గురించి మూడు విషయాలు, కొలిచి గానీ చూసి గానీ తేల్చుకోగలిగినవి. ‘అద్భుతంగా ఉంటుంది’ లాంటివి చెల్లవు. ఎలా తెలిసిందో రాయాలి. ఎవరో చెప్పారు అంటే ఆ ఎవరో ఇదివరకు చెప్పినవి ఎన్ని, తప్పినవి ఎన్ని, అదీ రాయాలి. ప్లాను మారింది అనే సాకు ఒప్పుకోం. ఫోన్ బయటికొచ్చిన తరవాతి సమావేశంలో అందరి ముందూ కవర్లు విప్పుతాం. తప్పినవాళ్ళ పేర్లు కూడా మినిట్స్ పుస్తకంలో రాస్తాం. పాత ఫోన్లు చదివే నాణెం కూడా పోటీలో ఉంటుంది, బొమ్మ పడితే 19, బొరుసు పడితే 20. నాణెం జోస్యం మొన్నే అందరి ముందూ వేసి కవర్లో పెట్టాం.

ఇప్పటికి నాణెంతో కలిపి అయిదు కవర్లొచ్చాయి. ‘ఎలా తెలిసింది’ అన్న చోట ఏమీ రాయలేక ఒకాయన కాగితం వెనక్కి తీసుకుపోయాడు. నాలుగు వైపులా వంగిన అద్దం గురించి చెప్పిన కుర్ర మిత్రుడు రెండు సమావేశాల నుంచి “రేపు తెస్తాను సార్” అంటున్నాడు. అతని పేరున ఒక ఖాళీ కవరు నా బీరువాలో పెట్టి ఉంచాను.